శంషాబాద్ కంటె ముందే తెగిన తాడు

పొద్దున ఏడెనిమిది గంటల నడుమ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో ఎన్నో ఇండ్లల్లో ఒకటే పని నడుస్తది. ఫోన్‌ను చెంబుకు ఆనిచ్చి పెట్టి, కండ్లద్దాలు తుడుసుకొని ముసలోళ్లు కూసుంటరు. అవతల డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో రాత్రయితది. "ఏం తిన్నవు బిడ్డా?" అని తాత అడుగుతడు. మనుమరాలు తల్లి మొఖం చూస్తది. తల్లి ఇంగ్లీషులోకి మార్చి చెప్తది. పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తది. తల్లి దాన్ని మళ్ల తెలుగు చేసి తాతకు అప్పజెప్తది. నిజాం జమానాలో కచేరీకి పోయిన రైతుకు దుబాసీ కావాల్సి వచ్చేది. ఇయ్యాల సొంత మనుమరాలితో మాట్లాడటానికి తాతకు దుబాసీ కావాల్సి వస్తున్నది.

దసరా నెల వచ్చిందంటె అదే ఇంటి వాట్సప్‌కు అదే అమెరికా ఊరి నుంచి బతుకమ్మ ఫొటోలు వస్తయి. పెద్ద హాలు, వందల మంది ఆడబిడ్డలు, పట్టుచీరెలు, మనిషెత్తు బతుకమ్మ. పత్రికలన్నీ ఖండాంతరాల్లో తెలంగాణ సంస్కృతి వెలిగిపోతున్నదని హెడ్డింగులు పెడుతయి. ఫొటోలో ఉన్నది అబద్ధం కాదు. ఫోన్‌లో జరిగేదీ అబద్ధం కాదు. ఈ రెండూ ఒక్క ఇంట్లోనే ఎట్ల కుదురుతున్నయన్నదే మా ప్రశ్న.

అమెరికా పోతె అంతే, పిల్లలకు బాస ఎక్కడుంటది అని చాలామంది చేతులు దులుపుకుంటరు. మేము ఆ మాట ఒప్పుకోం. తాడు అట్లాంటిక్ మీద తెగలేదు. శంషాబాద్ విమానాశ్రయంలో కూడ తెగలేదు. అది ఇక్కడ, మన దిల్‌సుఖ్‌నగర్‌లోనే తెగింది. చేదుగా ఉన్నా చెప్పాల్సిన మాట ఇది.

ఎల్బీనగర్ అంటె నల్లగొండకు తలుపు. సూర్యాపేట, నకిరేకల్ దిక్కు నుంచి ఒకరు, దేవరకొండ, కల్వకుర్తి దిక్కు నుంచి ఇంకొకరు, బస్సు దిగిన కాడనే ప్లాటు కొనుక్కున్నరు. వనస్థలిపురం, హస్తినాపురం, కర్మన్‌ఘాట్, నాగోలు కాలనీలన్నీ గట్ల నిండినయే. పంతుళ్లు, ఆర్టీసీ ఉద్యోగులు, గుమాస్తాలు, పొలం అమ్మి పిల్లల చదువుకు వచ్చిన రైతులు. అమెరికా వలస కంటె ముందు జరిగిన వలస ఇది. ఊరి నుంచి పట్నానికి. లెక్కకు వంద కిలోమీటర్లే గాని, బాస విషయంలో ఈ వంద కిలోమీటర్లే సముద్రం.

ఎందుకంటె పట్నంలో దిగిన మొదటి రోజే పిల్లగానికి తెలిసేది, తన మాట నవ్వులాటని. బడిలో నవ్విండ్రు, సినిమాల్లో విలన్‌కూ జోకర్‌కూ మన యాస పెట్టి నవ్విండ్రు, కోచింగ్ సెంటర్ క్లాసులో లేసి డౌటు అడిగితె ఎనుక బెంచీల కెల్లి నవ్విండ్రు. తల్లిదండ్రులు ఏం చేసిండ్రు? కొట్లాడలేదు. "మంచిగ మాట్లాడు" అన్నరు. మంచిగ అంటె ఏంది? 'పోయిన' అన్నది 'వెళ్ళాను' కావాలె. 'అవ్వ' 'మమ్మీ' కావాలె, 'కాక' 'అంకుల్' కావాలె. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ రూముల్లో రెండేండ్లు, నాలుగేండ్లు ఉన్న మన పిల్లలు ఎంసెట్ ర్యాంకు తెచ్చుకున్నరు, కంప్యూటర్ కోర్సులు నేర్చుకున్నరు, దాంతో పాటు ఇంటి బాసను దాచుకునుడు కూడ నేర్చుకున్నరు. తర్వాత విమానం ఎక్కిండ్రు. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. అందులో సకినాలున్నయి, మామిడికాయ తొక్కున్నది, తల్లి కట్టిచ్చిన పసుపు కారం ఉన్నయి. అప్పటికే దాచేసిన మాట ఆ పెట్టెల్లో ఎట్ల ఉంటది?

ఉద్యమం ఈ సిగ్గును చానావరకు కడిగింది. ఆ మాట మేము గర్వంగానే చెప్తం. ధూంధాం వేదికల మీద మన యాసకు చప్పట్లు కొట్టిన తరమే మాది. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద బైఠాయించి వండుకొని తిన్నోళ్లమే. 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగయింది, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమయింది. 2018లో బడులన్నింట్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం కూడ తెచ్చుకున్నం. కాని అప్పటికే రెండు తరాల పిల్లలు విమానం ఎక్కి పోయిండ్రు. వాళ్ల ఇండ్లల్లో పుట్టిన పిల్లలకు ఏ బాస అందాలె అన్న ముచ్చట ఎవ్వరూ మాట్లాడలేదు.

బాస నిలబెట్టుకునుడు మనకు కొత్త విద్య కాదు. సొంత ఊర్లో పరాయోళ్ల లెక్క బతికిన చరిత్ర మనది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితె, ట్రాఫిక్ లేకుంటె, జరసేపట్ల కోఠి దిగుతం. అక్కడి వివేకవర్ధిని థియేటర్‌లో 1921లో కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. వకీలు అల్లంపల్లి వెంకటరామారావు లేసి తెలుగులో మాట్లాడితె సభ ఎగతాళి చేసింది. ఆ అవమానం లోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. దానికి ఇరవయేండ్ల ముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నరు. తెలంగాణలో కవులే లేరని ఒకరు కూస్తె, సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి చూపిచ్చిండు. ఏ సర్కారూ పైస ఇయ్యలేదు. తిట్టుకుంట కూసోలేదు. లెక్క తీసిండ్రు, పేరుపేరునా పోగు చేసిండ్రు, అచ్చేసిండ్రు.

పొట్ట చేత పట్టుకొని పోయినోళ్ల కథ ఇంకొకటి. బొంబాయి కామాటిపురకు ఆ పేరు మన కామాటోళ్ల నుంచి వచ్చిందే. ఆ నగరం కట్టిన చేతుల్లో మన చేతులున్నయి. షోలాపూర్, భివండి, సూరత్‌లో మగ్గాల మీద కూసున్న పద్మశాలీలు మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ బిడ్డలు. తరాలు గడిచినయి. పోయిన చోటల్లా మార్కండేయ గుడి కట్టుకున్నరు. ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. మరాఠీ కలిసిన తెలుగే, ఉచ్చారణ మారిన తెలుగే, అయితే ఏంది? అవ్వకు మనుమనికి నడుమ దుబాసీ అక్కర లేదు. ఎందుకు నిలిచింది? ఒక్క వాడలో అందరు ఉన్నరు. ఒక్క పనిలో ఉన్నరు. పిల్లనిచ్చుడు, తెచ్చుకునుడు ఊరితోనే నడిచింది. భివండిలో పద్మనగర్ అని పేటే వెలిసింది. బొంబాయి కార్పొరేషన్ ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడిపింది, అందులో తెలుగు ఒకటి. ఇప్పుడు ఆ తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నరు, ఇంగ్లీషు మీడియానికి పోతున్నరు. వాడ చెదిరితె, బడి మూతబడితె ఏమయితదో వచ్చే ఇరవయేండ్లల్లో అక్కడే కనపడుతది.

మారిషస్ ఇంకో పాఠం. అక్కడికి పోయినోళ్లు కోస్తా వాళ్లు గదా, కోరంగి రేవు నుంచి ఓడెక్కినోళ్లు గదా, మనకేం సంబంధం అనే సోదరులుంటరు. చెరుకు తోటలో కూలి చేసినోనికి ప్రాంతం అడుగుడు మాకు చేతగాదు. వాళ్లు రాంభజన నిలుపుకున్నరు, సింహాద్రి అప్పన్నను నిలుపుకున్నరు, ఉగాదిని ఆ దేశంలో జాతీయ సెలవు చేయించుకున్నరు. బడుల్లో తెలుగు పాఠం ఉన్నది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగినయి. కాని ఇంట్లో మాట్లాడేది క్రియోల్. దక్షిణాఫ్రికాలో ఇంకా కష్టం. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్‌లో దిగినంక పోయిన తెలుగోళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నరు. ఆ సభ ఉన్నది, పండుగలున్నయి, పెండ్లి మంత్రాలున్నయి. ముచ్చట పెట్టుకునే తెలుగు మాత్రం ముసలోళ్లతోనే సాగిపోయింది. అంటె పండుగ ఉన్నంత మాత్రాన బాస ఉన్నట్టు కాదు. పండుగ ఏడాదికొక్కసారి వస్తది. బాసకు రోజూ ముద్ద పెట్టాలె.

మన దేశం దాటి చూస్తె హంగరీ వాళ్ల ముచ్చట చెప్పుకోవాలె. రెండో ప్రపంచ యుద్ధం అయినంక కొందరు, 1956 తిరుగుబాటును రష్యా ట్యాంకులు తొక్కినంక రెండు లక్షల మంది, దేశం ఇడిచిపెట్టి పోయిండ్రు. తిరిగిపోయే తొవ్వ లేదు. ఇంటికి ఫోన్ చేసే దిక్కు లేదు. మన మార్వాడీ, గుజరాతీ సోదరుల లెక్క వ్యాపార బలగం కూడ లేదు. వాళ్లు ఏం చేసిండ్రంటె, శరణార్థి శిబిరాల్లోనే స్కౌట్ దళాలు నడిపిండ్రు. తర్వాత అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం గార్ఫీల్డ్ కేంద్రంగా ప్రపంచమంతా అల్లుకున్నరు. డేరాలు కట్టుడు, మంట పెట్టుడు, పాటలు పాడుడు అన్నీ హంగరీ బాసలోనే. దళానికి నాయకుడు కావాలంటె హంగరీ చరిత్ర, భూగోళం, జానపద సాహిత్యంలో పరీక్ష పాస్ కావాలె. పిల్లగానికి బాస పాఠం లెక్క అందలేదు, సోపతి లెక్క అందింది. ఇంట్లో తల్లికి భయపడి మాట్లాడే బాస పదిహేనేండ్లకు పోతది. దోస్తులతో నవ్వుకునే బాస పోదు.

2013 నుంచి హంగరీ సర్కారు ఇంకో పని మొదలువెట్టింది. యువతీ యువకులను ఎంపిక చేసి, నెలల తరబడి ప్రవాస సంఘాల నడుమ ఉండి పిల్లలకు బాస, ఆట, పాట నేర్పమని పంపుతున్నది. ఆ పథకానికి కొరొషి చోమ షాండోర్ పేరు పెట్టిండ్రు. ఆయన ఎవరో కాదు, తన జాతి మూలాలు వెతుక్కుంట కాలినడకన మన దేశం దాక వచ్చి, 1834లో కలకత్తాలో టిబెటన్ నిఘంటువు అచ్చేయించి, 1842లో డార్జిలింగ్‌లో కన్నుమూసిన పండితుడు. హంగరీ సర్కారు రాజకీయాలు మాకు పడయి. ప్రవాసులకు ఓట్లిచ్చి మందిని కూడగట్టుకునే లెక్క కూడ అందులో ఉన్నది. ఆ లెక్క ఇడిచిపెడితె, మనిషిని పంపుడనే ఆలోచన మంచిది.

ఇగ మన సంఘాల ముచ్చట. 1977లో న్యూయార్క్ సభతో తానా మొదలయింది. 1990లో ఆటా వచ్చింది. మన గొంతు వినపడుతలేదని 1999లో తెలంగాణ డెవలప్‌మెంట్ ఫోరం పెట్టుకున్నరు, ఉద్యమానికి అండగా నిలబడ్డరు. తర్వాత నాట్స్, 2015లో టీటీఏ. ఒక్క ఊర్లో ఇప్పుడు రెండు మూడు బతుకమ్మలు ఒక్క శనివారమే ఆడుతున్నరు. తొమ్మిదొద్దుల పండుగ వీకెండ్‌లో ఇరికింది. దాన్ని మేము తప్పు పట్టం, అక్కడ సెలవు దొరకాలె, హాలు దొరకాలె. తంగేడు, గునుగు దొరకకపోతె దొరికిన పూలు పేర్చుకున్నా తప్పు లేదు. బతుకమ్మ పేరే బతుకుమని గదా. మా ఫిర్యాదు వేరే. పాట సౌండ్ బాక్స్ పాడుతున్నది. చుట్టూ తిరిగే బిడ్డలు పాడుతలేరు. ఒకరు చెప్తె పదిమంది అందుకునేది బతుకమ్మ పాట. ఆ అందుకునే పద్ధతిలోనే మన అవ్వలు రామాయణం నేర్చుకున్నరు, ఊరి చరిత్ర నేర్చుకున్నరు, సాయుధ పోరాట కథలు నేర్చుకున్నరు. బడి మొఖం చూడని ఆడోళ్లకు అదే బడి. డీజే పెట్టిన రోజు ఆ బడి మూతపడ్డట్టే. రెండేండ్లకోసారి జరిగే మహాసభలకు సినిమా వాళ్లను విమానాలెక్కించి తీసుకపోయే ఖర్చులో పదో వంతు పెట్టినా, పాట చెప్పే ఇద్దరు అవ్వలను తీసుకపోవచ్చు.

ఆదివారం తెలుగు బడుల ముచ్చట కూడ మాట్లాడాలె. 2007లో మొదలయిన సిలికానాంధ్ర మనబడి గాని, ఊరూరా తల్లులు నడుపుకునే చిన్న క్లాసులు గాని, జీతం లేకుండ శనాదివారాలు ఇచ్చి చేస్తున్న పని అది. చిన్నచూపు చూడొద్దు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2010 నుంచి 2017 నడుమ అమెరికాలో 86 శాతం పెరిగిండ్రని అక్కడి జనగణన శాఖ సర్వే లెక్కలు చెప్తున్నయి. అంటె పిల్లలున్నరు, అవసరమున్నది. అడిగేదొక్కటే, ఏ తెలుగు? పిల్ల బడిలో దాహం, దారి, స్నేహం, భయం, జాగ్రత్త, జ్ఞాపకం అని ఆరు మాటలు నేర్చుకున్నదనుకుందాం. ఎల్బీనగర్‌లో అవ్వకు దూప, తొవ్వ, సోపతి, బుగులు, పైలం, యాది ఉన్నయి. ఆరింట్లో ఒక్కటి కూడ కలువది. ఫోన్ పెట్టేటప్పుడు అవ్వ "పైలం బిడ్డా" అంటది. తెలుగులో వందకు వంద మార్కులు తెచ్చుకున్న పిల్లకు ఆ మాట అర్థం కాదు. రెండు రకాల మాటలూ నేర్పమంటున్నం. పుస్తక తెలుగు తీసెయ్యమంటలేం. మన పిల్లలకు ఇక్కడ జరిగిందే అక్కడి పిల్లలకు మళ్ల జరగొద్దంటున్నం.

గల్ఫ్ సంగతి పూర్తిగా తలకిందులు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల బిడ్డలు దుబాయి సోనాపూర్ క్యాంపుల్లో రూముకు ఇంతమంది అని పండుకుంటున్నరు. యూఏఈలో నెలకు 4000 దిర్హంలు, లేకుంటె 3000తో పాటు ఉండేటందుకు ఇల్లు ఉంటెనే పెండ్లాం పిల్లలను తెచ్చుకోనిస్తరు. కూలోనికి ఆ జీతం ఎక్కడిది? అందుకే వాళ్ల పిల్లల బాస చెడలేదు. బాస ఉన్నది, తండ్రి లేడు. ప్రవాస సంస్కృతి మీద సదస్సులు పెట్టేవాళ్లకు ఈ క్యాంపులు గుర్తుకు రావు. అక్కడ సంస్కృతి అంటె మొదలు ఏడాదికొకసారి సెలవు, టికెట్.

అమెరికా పిల్లలకు బాస ఎందుకని అడిగేవాళ్లకు ఒక లెక్క చెప్తం. గ్రీన్ కార్డు లైన్ల తల్లిదండ్రులు ఏండ్లకేండ్లు నిలబడుతున్నరు. పిల్లకు 21 ఏండ్లు నిండితె తల్లిదండ్రుల వీసా మీద ఉండనియ్యరు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము పెట్టిండ్రు. రేపు ఎవరి ఉద్యోగం ఉంటదో, ఎవరు వెనుకకు రావాలో ఎవ్వరూ చెప్పలేరు. వెనుకకు వస్తె ఆ పిల్ల దిగేది ఈ కర్మన్‌ఘాట్ ఇంట్లోనే. గేటు కాడ కూరగాయలమ్మతో, బడిలో పక్క పిల్లతో, మంచం మీద అవ్వతో ఏ బాస మాట్లాడుతది? తాత కండ్లల్ల నీళ్ల ముచ్చట పక్కకు పెట్టినా, ఇది ఆ పిల్ల బతుకు ముచ్చట.

అయితే పని ఎక్కడ మొదలుపెట్టాలె? డల్లాస్‌లో కాదు, ఇక్కడ. అక్కడి బడులకు సెలవులు జూన్‌లో మొదలయితయి. పిల్లలు మన కాలనీలకు వచ్చేది ఆషాఢంలో. సరిగ్గా బోనాల నెల! ఇంతకంటె మంచి ముహూర్తం ఉంటదా? కాని ఆ పిల్లలను ఏం చేస్తున్నం? చార్మినార్ ఒకరోజు, రామోజీ ఫిలింసిటీ ఒకరోజు, మాల్స్ నాలుగు రోజులు, మిగిలిన టైమంత ఏసీ రూములో టాబ్లెట్. వనస్థలిపురం, ఎల్బీనగర్‌లో రిటైరయిన తెలుగు పంతుళ్లు వీధికొక్కరు ఉన్నరు. కమ్యూనిటీ హాళ్లు ఏడాదిలో సగం రోజులు తాళాలతో ఉంటయి. రెండు వారాలు పొద్దున రెండు గంటలు చాలు. ఒగ్గు కథ చెప్పేటాయనను పిలువొచ్చు, బోనం కుండకు సున్నం బొట్లు పెట్టిపియ్యొచ్చు, కాలనీ పిల్లలతో కలిపి ఆడియ్యొచ్చు. పక్కింటి పిల్లతో దోస్తీ అయితె ఆ పిల్ల అమెరికా పోయినంక కూడ ఫోన్‌లో మాట్లాడుతది. హంగరీ వాళ్లు చేసింది ఇదే గదా.

అమెరికా పోయే తాతలకూ అవ్వలకూ ఒక మాట. మీకు ఒక్కసారికి ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలు. ఆ ఆరు నెలలు పిల్లలకు తినిపియ్యటానికీ, పండవెట్టటానికీ మిమ్మల్ని పిలిపిచ్చుకుంటున్నరు. సరే, పోండ్రి. కాని అక్కడ విరిగిన ఇంగ్లీషుతో పిల్లల కింద నలగకుండ్రి. మీ ఊరి తెలుగే మాట్లాడుండ్రి. మూడేండ్ల పిల్లకు మూడు నెలల్లో వస్తది, కొడుకు అడ్డుపడకుంటె. "డాక్టర్ రెండు బాసలొద్దన్నడు, మాటలు ఆలస్యమయితయట" అని కొడుకు చెప్తె నమ్మకుండ్రి. రెండు బాసల నడుమ పెరిగే పిల్లలు ప్రపంచమంతా ఉన్నరు. మన హైదరాబాద్ పాతబస్తీ పిల్లలు మూడు బాసలతో పెరుగుతరు, ఎవరికీ మాట ఆగలేదు.

సర్కారును అడగాల్సింది ఉన్నది. ఉస్మానియాలో తెలుగు ఎంఏ చేసిన పిల్లలు కొలువు లేక ఇదే దిల్‌సుఖ్‌నగర్ రూముల్లో కాంపిటీటివ్ పరీక్షలు రాస్తున్నరు. వాళ్లలో ఏటా కొందరిని ఎంపిక చేసి, తెలుగు విశ్వవిద్యాలయంలో తర్ఫీదు ఇచ్చి, ఆరు నెలలకు, తొమ్మిది నెలలకు ప్రవాస సంఘాల దగ్గరికి పంపొచ్చు. తిండి, వసతి సంఘాలు చూసుకుంటయి, సర్కారు టికెట్, జీతం ఇయ్యాలె. మహాసభలకు 2017లో ఎల్బీ స్టేడియంలో పెట్టిన ఖర్చుతో పోలిస్తె ఇది ఎంత? మనోళ్లను అక్కడికి పంపుడే గాదు, షోలాపూర్, భివండికి కూడ పంపాలె. అక్కడి బడులు ఇంకా బతికే ఉన్నయి గనుక ముందు అక్కడికే పంపాలె.

సర్కారు కోసం ఆగకుండ చేసే పని ఒకటున్నది. మన కాలనీల్లో డెబ్బయేండ్లు దాటిన అవ్వలకు వచ్చిన బతుకమ్మ పాటలు, సామెతలు, పొలం పనుల మాటలు ఎవ్వరి దగ్గరా రాసి లేవు. ఒక్కొక్క అవ్వ పోయినప్పుడల్లా ఒక పుస్తకం పోతున్నది. 1934లో సురవరం కవుల పేర్లు పోగుచేసినట్టు, విద్యార్థి మిత్రులు ఫోన్ పట్టుకొని ఇల్లిల్లు తిరగాలె. అవ్వ పేరు, పుట్టిన ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదో అడిగి రికార్డు చేయాలె. ఉద్యోగ సంఘాల అన్నలు, అక్కలు వచ్చే నెల కాలనీ మీటింగ్ ఎజెండాలో ఈ రెండు ముచ్చట్లు రాయించుండ్రి. ఒకటి అవ్వల పాటల రికార్డింగు, రెండు జూన్‌లో కమ్యూనిటీ హాలు. పిల్లలు వచ్చే తేదీలు ఇప్పటి నుంచే కొడుకులను, బిడ్డలను అడిగి పెట్టుకోండ్రి, టికెట్లు వాళ్లు ముందే బుక్ చేసుకుంటరు.